సెలవు రోజున పెట్టిన సంతకం

మీ శిక్షణ తరగతుల్లో తెర మీద ఒక నోటుపుస్తకం ఫోటో చూపిస్తున్నారట. గళ్లు గీసిన పేజీ, పిల్ల చేతిరాత, పక్కన ఎర్ర సిరాతో "పరిశీలించాను" అన్న మాట, దాని కింద ఒక వంకర సంతకం. ఆ సంతకం నాదే. అది దొంగ సంతకం. కొత్తగా ఉద్యోగంలో చేరిన మీకు ఈ ముక్క చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మొన్న ఆదివారం మా మేడ మీద గదిలో అద్దెకుంటున్న అమ్మాయి ఫోను పట్టుకుని కిందికి వచ్చింది. ఈ మధ్యనే టీచరుగా చేరింది, జనగామ నుంచి రోజూ బస్సులో పోయి వస్తుంది.

"మేడమ్, గిది మీరు పనిచేసిన బడిదేనట గదా! మాకు గిట్లనే చేపియ్యమన్నరు. పిల్లలే లక్ష్యం పెట్టుకునుడు, అయిందా లేదా పిల్లలే చూసుకునుడు. మస్తుంది మేడమ్."

కళ్లజోడు పెట్టుకుని చూశాను. అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏడో వరుస చూడు. ఎనిమిదో వరుస చూడు. పిల్ల ఏం రాసింది?"

"ఏం రాయలే. ఖాళీగున్నయి."

"మరి నేనేం పరిశీలించినట్టు? తారీఖులు చూడు."

ఆమె ఫోటోను వేళ్లతో పెద్దది చేసుకుని చూసింది. "అరె, ఇవి దసరా సెలవులు గదా మేడమ్!"

బడికి తాళం వేసి ఉన్న రోజున, ఎవరూ ఏమీ రాయని గడిని నేను పరిశీలించాను. ఆ ఫోటోను ఎంతమంది చూశారో, ఎంతమంది బాగుందని తలలూపారో! ఒక్కరంటే ఒక్కరు ఆ తారీఖు వంక చూడలేదు. చూసింది ఒకే ఒక తొమ్మిదో తరగతి పిల్ల. ఆ పిల్లకు నేను చేసిన అన్యాయం ఇంతవరకు ఎవరికీ చెప్పుకోలేదు.

ముప్పై ఏళ్ల పైచిలుకు లెక్కలు చెప్పాను. మొదట భూపాలపల్లి దిక్కు అడవి అంచు బడిలో. పాఠం కాగానే "అర్థమైందా?" అని అడిగేదాన్ని. క్లాసంతా "అయింది టీచర్" అని పాట పాడేది. నేను పొంగిపోయి తర్వాతి పాఠంలోకి పోయేదాన్ని. పరీక్షలో తెల్ల కాగితాలు వచ్చేవి. తర్వాత మహబూబాబాద్‌లో పనిచేసినప్పుడు ఒక పిల్లను నిలదీశాను, అర్థం కానిది అయిందని ఎందుకన్నావని. "మీరు అడిగిన్రు గద టీచర్, అందుకే అన్నం" అంది. ఎంత మర్యాద చూడండి! ఎదుటివాళ్లు అడిగారు కాబట్టి అయిందనాలి. పైవాళ్లు అడిగితే మనం అనడం లేదా?

చివరి కొన్నేళ్లు జనగామ జిల్లాలోనే ఒక ఊరి ఉన్నత పాఠశాలలో గడిచాయి. అక్కడ తొమ్మిదో తరగతితో ఈ పుస్తకం మొదలుపెట్టాను. ఎవరో పై నుంచి చెప్తే చేసింది కాదు, ఆ "అయింది" పాట వినలేక చేసింది. పేజీకి మూడు గళ్లు. ఈ వారం నేనేం నేర్చుకుంటాను? నేర్చుకున్నానని నాకెట్లా తెలుస్తుంది? అయిందా, కాలేదా, కాకపోతే ఎక్కడ ఆగింది? దసరా, దీపావళి అని చూడకుండా శుక్రవారాల తారీఖులన్నీ ముందే వరుసగా రాయించేశాను. ఆ తొందరే తర్వాత నా మెడకు చుట్టుకుంది.

"ఈ పుస్తకం మీది" అన్నాను పిల్లలతో. "నా ఎర్ర పెన్ను దీన్ని ముట్టదు. మార్కులు లేవు, తిట్లు లేవు. కాకపోతే కాలే అని రాయండి."

వెనక బెంచీ నుంచి ఒక పిల్ల లేచింది. బక్క పిల్ల, మాట మాత్రం గట్టిది. "అమ్మతోడా టీచర్?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. "అమ్మతోడు" అన్నాను.

మొదటి వారం అందరూ కలెక్టర్లు, డాక్టర్లు అయ్యారు. ఒకమ్మాయి "పక్కదానికంటె ఎక్కువ మార్కులు తెచ్చుకోవాలె" అని రాసి, పక్కదానికి కనబడకుండా మోచేయి అడ్డం పెట్టుకుంది. కలెక్టరుగిరీ శుక్రవారంలోపల అయ్యే పని కాదమ్మా, శుక్రవారంలోపల అయ్యేది రాయండని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. రెండు మూడు వారాలు పట్టింది దారికి రావడానికి. ఆ అమ్మతోడు పిల్ల మాత్రం మొదటి వారమే రాసింది: "రెండంకెల భాగహారం ఎవరినీ అడగకుండ చెయ్యాలె." రెండో గడిలో: "వచ్చిన జవాబును మల్ల గుణిస్తె మొదటి లెక్క రావాలె." మూడో గడిలో: "కాలే. ఎక్కం మర్చిపోయిన."

తొమ్మిదో తరగతి పిల్లకు భాగహారం రాదా అని మీరు ముక్కున వేలేసుకుంటారేమో. రాదు. ఆరేళ్లుగా ఎవరికీ తెలియకుండా పక్కపిల్ల పుస్తకంలో చూసి రాస్తూ వచ్చింది. రాదని తానే రాసుకున్న రోజే నాకు తెలిసింది. ఆ పిల్ల తల్లి పత్తి ఏరడానికి కూలికి పోతుంది. పత్తి పగిలే కాలంలో బిడ్డను కూడా రమ్మని పోరు పెట్టేది. ఈ పిల్ల పోయేది కాదు. పొద్దున్నే తల్లితో కొట్లాడి బడికి వచ్చేది, ఒక్క రోజు తప్పకుండా.

నవంబరులో పెద్దసారు, అంటే మా హెడ్మాస్టరు, నన్ను పిలిచాడు. పై ఆఫీసు నుంచి ఒక అధికారి వస్తున్నాడట, ఈ పుస్తకాల సంగతి ఆయన చెవిన పడిందట.

"పుస్తకాలు మంచిగున్నయి గని మేడమ్, ఒక్క సంతకం లేదేంది?"

"అది పిల్లల పుస్తకం సార్. నేను ముట్టనన్నాను."

"గదంతా మీరు నాకు చెప్తరు, ఆయనకెవరు చెప్పాలె? సంతకం లేకుంటె చూడలేదంటరు. మెమో వస్తె నాకు వస్తది. రేపు పొద్దుగాల్నే వస్తుండు, జర సంతకాలు చేసెయ్యండ్రి."

నాకు ఇంకా ఏడాదిన్నర సర్వీసుంది. నిమ్మళంగా దిగిపోవాలనుకున్నాను. అంతకు మించి చెప్పుకోవడానికి సాకు లేదు. మధ్యాహ్నం భోజనం వేళ స్టాఫ్ రూములో పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. మా తెలుగు సారు టిఫిన్ డబ్బా మూసి నా పక్కన చేరాడు. "పేజీలు నేను తిప్పుత మేడమ్, మీరు గీకుతా పోండ్రి. గంట కొట్టేవరకు అయిపోవాలె." ఆయన తిప్పాడు, నేను గీకాను. పరిశీలించాను, సంతకం. పరిశీలించాను, సంతకం. ఒక్క గడి చదవలేదు. చాక్‌పీసుల కోసం వచ్చిన ఆ అమ్మతోడు పిల్ల బల్ల దాకా వచ్చి నా చేతిలోని ఎర్ర పెన్నును, తెరిచి ఉన్న పేజీలోని తారీఖులను చూసింది. చాక్‌పీసులు తీసుకోకుండానే పోయింది.

మర్నాడు అధికారి వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి. కట్టలోంచి ఒక పుస్తకం లాగాడు, అది ఆ పిల్లదే. గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.

"కాలే. కాలే. కాలే. ఏమిటిది, పుస్తకం నిండా కాలే! ఎవరమ్మా, లేచి నిలబడు. తొమ్మిదో తరగతిలో భాగహారమా? ఇది మూడో తరగతి పాఠం కదా!"

పిల్లలు కిసుక్కుమన్నారు. ఆ పిల్ల నిలబడి బల్ల వైపు చూస్తోంది.

"ఏమిటి మేడమ్ ఇది?"

నేను చెప్పవలసిన జవాబు నాకు తెలుసు. సార్, ఈ క్లాసులో నిజం రాసిన పుస్తకం అదే, జర కింద పెట్టి మర్యాదగా చదవండి అనాలి. ఆ మాట గొంతు దాకా వచ్చింది. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది: "ఆ అమ్మాయి సరిగ్గా బడికి రాదు సార్. తల్లితో పత్తి ఏరడానికి పోతుంటుంది."

ఆ పిల్ల తలెత్తి నన్ను చూసింది. హాజరు పట్టీ నా ముందే బల్ల మీద ఉంది. అందులో ఆ పిల్ల పేరుకు ఎదురుగా ఒక్క గైర్హాజరు లేదు. అదంతా నా చేత్తో వేసిన హాజరే.

"అలాగా. ఇలాంటి పుస్తకాలు పైన పెట్టకండి" అని ఆయన, అందమైన దస్తూరీ ఉన్న ఇంకో పుస్తకం తెరిచి ఫోటో తీసుకున్నాడు. మీరు చూస్తున్న ఫోటో అదే. తర్వాత చాయ్, మిర్చి బజ్జీలు. "అమలు చాలా బాగుంది" అని సందర్శకుల పుస్తకంలో రాసిపోయాడు. పెద్దసారు మొహం వెలిగిపోయింది. నేనూ ఒక బజ్జీ తిన్నాను. సిగ్గులేని నోరు, తింది.

ఆ మర్నాడు ఆ పిల్ల రాలేదు. మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు ఆదివారం, ఊళ్లో అడిగి చేనుకు పోయాను. తల్లీ బిడ్డా ఒడి కట్టుకుని పత్తి ఏరుతున్నారు. నన్ను చూసి తల్లి ఎదురొచ్చింది.

"మీరే చెప్పిన్రట గద మేడమ్, మా పిల్ల పత్తికి పోతదని. నేను ఇన్నొద్దులు రా రా అని మొత్తుకుంటె రాలే. గిప్పుడు తనంతట తనే వొచ్చింది. ఇగ బడి వద్దంటాంది."

ఆ పిల్ల చేతులు ఆపలేదు. దగ్గరికి పోయి, "బడికి ఎందుకు రావట్లేదు?" అని అడిగాను. అడగడానికి నాకు నోరెట్లా వచ్చిందో!

"మీరు చెప్పిన్రు గద టీచర్, పత్తికి పోతనని. పోతున్న."

"ఆ రోజు భయపడ్డానమ్మా. పెద్దాయన అట్లా అడిగేసరికి..."

"నేను ఒక్క దినం తప్పలే. హాజరు మీరే తీస్కుంటరు. జరమొచ్చిన నాడు గూడ వొచ్చిన." అప్పుడు చేతులు ఆపి నన్ను చూసింది. "మీకు భయమైతె మీరు అబద్ధం ఆడొచ్చు. దసరా సెలవుల్ల గూడ చూసినట్టు సంతకం పెట్టొచ్చు. నేను ఉన్నది ఉన్నట్టు రాస్తె అందరి ముంగట లేచి నిలబడాలెనా? అమ్మతోడు అన్నరు గద టీచర్?"

"ఏయ్, పెద్దోళ్లతోని గట్లనా మాట్లాడేది!" అని తల్లి కసిరింది.

"మాట్లాడనియ్యి" అన్నాను. కాని ఆ పిల్ల మళ్లీ చెట్ల మీదికి వంగింది. చెట్టు వెంట చెట్టు ఏరుకుంటూ పోయింది. నేను గట్టు మీద కాసేపు నిలబడి వచ్చేశాను.

సోమవారం పొద్దున్నే స్టాఫ్ రూములో ఆ పిల్ల పుస్తకం తీశాను. దసరా సెలవుల్లోని రెండు శుక్రవారాలు అందరి పుస్తకాల్లో ఖాళీగా ఉన్నాయి. ఆ పిల్ల దాంట్లో లేవు. ఇంటి దగ్గర కూర్చుని రాసుకుంది. ఎనిమిదో వరుసలో ఇలా ఉంది: "1224ను 12తో భాగిస్తె 12 వచ్చింది. మల్ల గుణిస్తె 144 వచ్చింది. 1224 రావాలె. కాలే. నడుమ సున్న పెట్టకుండ మింగుతున్న."

లెక్కల టీచర్లకు తెలుస్తుంది ఆ ముక్క విలువ. జవాబు నూట రెండు. నడుమ సున్న పెట్టరు పిల్లలు, పన్నెండే వేస్తారు. నేను వందసార్లు చెప్పినా తలకెక్కని తప్పును, ఊరంతా బతుకమ్మ ఆడుకుంటున్న రోజుల్లో ఈ పిల్ల ఒక్కతే కూర్చుని, గుణించి చూసుకుని, తన తప్పు తానే పట్టుకుంది. అదే కదా నేను నేర్పాలనుకున్నది! దాని పక్కనే ఎర్ర సిరాతో నా గీకుడు: పరిశీలించాను. నా చెయ్యి విరిగిపోయినా బాగుండేది అనిపించింది.

ఆ పుస్తకాన్ని నా దగ్గరే ఉంచుకుని, మిగతావన్నీ క్లాసుకు పట్టుకుపోయి పిల్లలకు ఇచ్చేశాను. గోడ మీది క్యాలెండరు తీసి బల్ల మీద పెట్టాను.

"వీటిలో నా సంతకాలున్నాయి. అన్నీ దొంగ సంతకాలే. బడి లేని రోజు, మీరేమీ రాయని రోజు కూడా చూశానని రాశాను. వెతికి పట్టుకోండి. దొరికిన చోట పెన్సిలుతో సున్న చుట్టండి."

మొదట ఎవరూ కదలలేదు. తర్వాత ఒక పిల్ల క్యాలెండరు దగ్గరికి వచ్చింది. ఇక ఆగారా! "గిది దసరా టీచర్!" "గిది గూడ!" "గీ శుక్రారం మీరు పెండ్లికి పోయిన్రు టీచర్, తెలుగు సారు వొచ్చిండు!" నవ్వులు, కేకలు. నా సంతకాల చుట్టూ సున్నలే సున్నలు. అంతా సద్దుమణిగాక చెప్పాను, మీ క్లాసులో రోజూ బడికి వచ్చిన పిల్లను రావట్లేదని ఆ రోజు అన్నది కూడా అబద్ధమేనని. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల పుస్తకంలో ఏముందో మాత్రం చెప్పలేదు. అది నేను చెప్పేది కాదు.

మధ్యాహ్నానికి పెద్దసారు చెవిన పడింది. "రికార్డు ఖరాబు చేసిన్రు మేడమ్! పిల్లలతోని సున్నలు చుట్టిపిస్తరా? మీకేమన్న పిచ్చి లేసిందా?" మెమో చేతిలో పెట్టాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని తెలుగు సారు గొణిగాడు. పేజీలు తిప్పిన చెయ్యి ఆయనదే, ఆ సంగతి ఆయనకు గుర్తు లేదు. నేను సంజాయిషీ రెండు వాక్యాల్లో రాశాను: సంతకాలు అబద్ధం, సున్నలు నిజం. దానికి జవాబు ఈ రోజు వరకూ లేదు. నెల తిరక్కముందే పై ఆఫీసు నుంచి మెచ్చుకోలు కాగితం వచ్చింది, మా బడిలో లక్ష్యాల పుస్తకాల నిర్వహణ ఆదర్శంగా ఉందట. నిజం చెప్తే మెమో, అబద్ధానికి మెచ్చుకోలు. ఆ కాగితాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించారు. నేను దిగిపోయే రోజున నా ఫోటో కూడా దాని కిందనే నిలబెట్టి తీశారు.

క్లాసులో జరిగింది తోటి పిల్లలు చెప్పి ఉంటారు. సున్నలు చుట్టిన వారం తర్వాత ఆ పిల్ల బడికి వచ్చింది. నా బల్ల దగ్గరికి వచ్చి తన పుస్తకం తీసుకుని వెనక బెంచీకి పోయింది. శుక్రవారం పిల్లలు రాసుకుంటుంటే అలవాటుగా బెంచీల మధ్య తిరుగుతున్నాను. ఆమె దగ్గరికి రాగానే పేజీ మీద అరచెయ్యి పెట్టేసింది.

"మీకు సూపియ్య" అంది.

"సరే" అని ముందుకు పోయాను. ఏప్రిల్ దాకా ప్రతి శుక్రవారం ఆ అరచెయ్యి ఆ పేజీ మీదే ఉంది. నేను ఒక్కసారి కూడా అడగలేదు. నాకు దక్కాల్సిందే దక్కింది.

మేడ మీది అమ్మాయికి ఇదంతా చెప్పాను. ఫోను ఎప్పుడో బోర్లించి పెట్టేసింది. వచ్చే వారం వాళ్ల బడికీ ఎవరో వస్తున్నారట, వెనక తారీఖులతో సంతకాలు పెట్టమని వాళ్ల పెద్దసారు కూడా అన్నాడట. ఆ సంగతి అడుగుదామనే కిందికొచ్చానని అప్పుడు చెప్పింది. నేను సలహా ఇవ్వలేదు. ఆమే అడిగింది, "ఇంతకీ ఆ పిల్లకు భాగహారం వొచ్చిందా మేడమ్?"

వార్షిక పరీక్ష పేపర్లు దిద్దుతున్నప్పుడు ఆ పిల్లది చేతికొచ్చింది. ఒక పెద్ద లెక్కలో మధ్యలో భాగహారం చెయ్యాలి. చిత్తుపని అంతా అంచులో పెన్సిలుతో చేసుకుంది. ఒక అంకె, నడుమ సున్న, తర్వాత ఇంకో అంకె. ఆ సున్న మీద పెన్సిలు రెండుసార్లు తిప్పి ఉంది. కిందనే మళ్లీ గుణించి చూసుకుంది. సరిపోయింది. దాని పక్కన చిన్న అక్షరాలతో ఒక మాట రాసి ఉంది: "అయింది."

నా కోసం రాసిందనుకునేంత వెర్రిదాన్ని కాను. మార్కులు వేశాను. ఆ అంచును మాత్రం నా ఎర్ర పెన్ను ముట్టలేదు.